కుండ ఎక్కిన గుమ్మాలు

ఒక వంటింట్లో ఒక మట్టికుండ ఉండేది. ఆ కుండకు మూతగా ఒక మూకుడు ఉండేది. ఒక సాయంత్రం ఆ మూకుడు కనిపించకుండా పోయింది.

ఆ ఇంట్లో మనుషులు ఉండేవారా, ఉంటే ఎందరు అన్నది ఈ కథకు అనవసరం. వంటింట్లో ఇంతమంది పెద్దలుండగా మనుషుల జోక్యం ఎందుకని అక్కడి గిన్నెల నమ్మకం.

కుండా మూకుడూ ఒకే మట్టితో, ఒకే కుమ్మరి సారె మీద పుట్టాయి. కుండ పెద్దది, మూకుడు చిన్నది. కుండ పని ఉడకబెట్టడం. లోపల పొంగు వచ్చినప్పుడు చప్పుడు చేయడం మూకుడి పని. అది చప్పుడు చేయకపోతే ఎసరంతా పొయ్యిపాలవుతుంది.

ఆ వారం ఇత్తడి గుండిగలకు పాయసం తొందరగా కావలసి వచ్చింది. పొయ్యిలో మంట ఎగదోశారు. ఆ వేడికి పొయ్యి పక్కనున్న మట్టి పిడతలు ఒకదాని తర్వాత ఒకటి పగిలాయి. మూకుడు చప్పుడు చేసింది. రోజూ చేసేదానికంటే గట్టిగా, ఆపకుండా చేసింది. పిడతలు పగులుతుంటే మనం అన్నం వండుకుంటూ కూర్చుందామా అక్కా అని అడిగింది. కుండ చాలా బాధపడి, నిజమే చెల్లీ అంది. అని, అన్నం వండుకుంటూ కూర్చుంది.

సాయంత్రం పట్టకారు వచ్చింది. "రెండు మాటలు అడిగి పంపించేస్తాం. గంజి వార్చేలోగా వచ్చేస్తుంది" అని మూకుడి అంచు పట్టుకుని తీసుకుపోయింది.

గంజి వార్చారు. అన్నం చల్లారింది. మూకుడు రాలేదు.

కుండకు ఒక జబ్బు ఉంది. లోపలంతా బోలు గనక, తను ఏ మాట అన్నా అది లోపలే గుండ్రంగా తిరిగి, ఇంకొంచెం పెద్దదై, ఇంకొంచెం గంభీరమై మళ్లీ తనకే వినిపించేది. అదంతా తన ఆలోచనల లోతు అనుకునేది. మూత పోయాక ఈ జబ్బు ముదిరింది. మూత లేని కుండకు నోరెక్కువని కంచాలు గుసగుసలాడాయి. కుండకు కోపం రాలేదు. ఆ మాట కూడా లోపల తిరిగొచ్చేసరికి బాగానే వినిపించింది.

దాని స్నేహం కత్తిపీటతో. కత్తిపీట మాట పదును. ఆ వంటింట్లో ఎవరి గురించి ఏమన్నా రెండు ముక్కలుగా తెగేది. కానీ పీటకు బిగించి ఉండటం వల్ల తను కూర్చున్న మూల విడిచి ఎక్కడికీ వెళ్లేది కాదు. తన దగ్గరికి వచ్చినవాటినే కోసేది. ఎవరైనా ఈ సంగతి ఎత్తితే, కదిలితే పదును పోతుందని చెప్పేది.

"వీధి కుళాయి దగ్గరికి పోవే" అంది కత్తిపీట. "ఇక్కడ ఎవరు వింటారు?"

వీధి కుళాయి దగ్గర ఒక సభ ఉంది. ఎప్పుడో ఒక ఇంట్లో గొడవ ముదిరి గిన్నెలన్నీ వీధిలో పడ్డాయి. సొట్ట పడని గిన్నె మిగల్లేదు. అప్పుడు వీధిలోని ఇళ్లన్నీ కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఏ ఇంటి గిన్నెకు అన్యాయం జరిగినా కుళాయి దగ్గర వరసలో నిలబడే బిందెలు వింటాయి, విని ఆ ఇంటిని అడుగుతాయి. నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు గనక సభకు కావలసినంత తీరిక ఉండేది.

కుండ దొర్లుకుంటూ వెళ్లింది. వరస మొదట్లో ఒక ముసలి రాగిబిందె ఉంది. ఒంటినిండా సొట్టలు. కుండ దాని ముందు నిలబడి, భూమి పుట్టినప్పుడు మట్టి ఎలా పుట్టిందో అక్కడి నుంచి మొదలుపెట్టింది. మూకుడి సంగతి వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. రాగిబిందె అంతా విని, మీ ఇంట్లో ఎవరెవరిని అడిగావమ్మా అంది.

"వాళ్లను అడిగేదేముంది? తీసుకుపోయింది వాళ్లే కదా."

"అయినా అడగాలి. తప్పు దిద్దుకునే వీలు ముందు ఇంటికే ఇవ్వాలని ఒప్పందం. లేకపోతే పొద్దున్నే లేచి ప్రతి చెంబూ ఇక్కడే ఉంటుంది. మీ ఇంటి గుమ్మాలన్నీ ఎక్కి, పని కాకపోతే రా."

రాగిబిందె ఆ తర్వాత ఇంకో మాట కూడా చెప్పింది. ఏదో చెబుతోందని కుండ గమనించింది కూడా. కానీ అప్పటికి దాని లోపల ఇంకా తన ఉపన్యాసమే తిరుగుతోంది. ముఖ్యంగా, మట్టికి మాత్రం మాట లేదా అన్న వాక్యం. ఆ వాక్యం దానికి చాలా నచ్చింది. వినయంగా తల ఊపి వచ్చేసింది.

ఆ వంటింట్లో ఒక ఆచారం ఉంది. మట్టిపాత్ర ఏదైనా ఫిర్యాదుతో వస్తే, వినేవాళ్లు ముందు దాన్ని మొట్టి చూస్తారు. సంతలో కుండ కొనేటప్పుడు చూస్తారే, అలా. ఖంగుమంటే గట్టిది, ఫిర్యాదు వినొచ్చు. బొంగురుగా మోగితే పగుళ్లది, పంపించేయొచ్చు. ఇత్తడికీ స్టీలుకూ ఈ పరీక్ష లేదు. వాటి మోతలో అనుమానించడానికి ఏమీ లేదని అందరూ ఒప్పుకున్నారు.

ఈ ఆచారం కుండకు అవమానంగా తోచలేదు. దానికి తన ఖంగు మీద గర్వం. మొట్టించుకోవడానికి తలవంచి మరీ వెళ్లింది.

మొదటి గుమ్మం గరిటెగారిది. అన్నిట్లో తల దూర్చి అడుగుదాకా కలిపి చూడటం వారి ఉద్యోగం. గరిటెగారు కుండను మొట్టారు. ఖంగుమంది.

"గట్టిదానివే. చెప్పు. మూకుడికి వయసెంత?"

"నాకంటే చిన్నదండి."

"అంటే వయసులో ఉన్నదే. పెరట్లో కొత్త కుంపటి ఒకటి తిరుగుతోందన్నారు. దానితో ఏమన్నా మాటామంతీ ఉండేదా?"

"లేదండి."

"ఉంటే నీకు చెప్పి చేస్తుందా? నాలుగు రోజులు చూడు. మోజు తీరాక అదే వస్తుంది."

"పట్టకారు తీసుకుపోవడం నా కళ్లతో చూశానండి."

గరిటెగారు నొచ్చుకున్నారు. "పట్టకారు దేన్నీ తీసుకుపోదు. పట్టుకుంటుంది, అంతే. దాని పని అది."

వెళ్లేముందు ఇంకోసారి మొట్టారు. వచ్చినప్పుడు ఎలా మోగిందో వెళ్లేటప్పుడూ అలాగే మోగిందని, తమ దగ్గర దానికి ఏ హానీ జరగలేదని అందరికీ తెలియాలి కదా.

తర్వాత జల్లెడను విచారణకు వేశారు. జల్లెడ మంచిదని పేరు. కుండ చెప్పిందంతా ఓపిగ్గా పోయించుకుంది. రోజుల తరబడి అటూ ఇటూ ఊగింది. పట్టకారు వచ్చిన సంగతి, రెండు మాటలన్న సంగతి, పిడతలు పగిలిన సంగతి, అన్నీ సన్నవి గనక కిందికి జారిపోయాయి. పైన మిగిలినదాన్ని జల్లెడ నివేదికగా చదివింది. కుండ నోరు వెడల్పు. సంఘటన నాటికి దాని అడుగున మసి ఉంది. చిన్నప్పుడు ఒకసారి మూకుడితో మాట్లాడకుండా ఉంది.

నివేదిక అంతా తన గురించే అయినందుకు కుండ లోలోపల కొంచెం సంతోషించింది. వెంటనే సిగ్గుపడింది. ఆ సిగ్గు ఎంత నిజాయితీగా ఉందో కత్తిపీట దగ్గర కూర్చుని పొద్దుపోయేదాకా చెప్పింది.

కత్తిపీట విని, "జల్లెడకు కన్నాలెక్కువని నేను ఎప్పుడో అన్నాను" అంది. ఆ మాట ఇద్దరికీ బాగా నచ్చింది. రెండు మూడు సార్లు అనుకుని నవ్వుకున్నారు. మూకుడు మాత్రం రాలేదు.

ఆ పైన తిరగలి. ఆ ఇంట్లో న్యాయం అక్కడే విసురుతారు. తిరగలికి రెండు రాళ్లు. కింది రాయి కదలదు, అది దాని గౌరవం. పై రాయి తిరుగుతుంది, తిరిగి బయల్దేరిన చోటికే వస్తుంది, అది దాని గౌరవం. కుండ రోజూ వెళ్లి గోడవార కూర్చునేది. తిరగలి పిడి తలెత్తి చూసి, ఈ పూట మినుములున్నాయి, నీ వంతు రాదు అనేది. మర్నాడు శనగలుండేవి. వంతు రాకపోయినా, కుండ వచ్చినట్టు గుర్తుగా ఒక మొట్టు మాత్రం తప్పేది కాదు.

నిజం చెప్పాలంటే కుండకు ఆ గోడవార బాగానే ఉండేది. అక్కడ కూర్చునే పాత ఫిర్యాదీలతో పరిచయాలయ్యాయి. చెవి తెగిన కప్పు ఒకటి, మూతి వంకరపోయిన చెంబు ఒకటి. ఏ రాయి ముందు ఎలా నిలబడాలో, ఏ మాటకు పిడి కరుగుతుందో కుండ నేర్చుకుంది. కొత్తగా వచ్చినవాళ్లకు సలహాలు చెప్పేది. గుమ్మాలు ఎక్కడంలో ఇంత అనుభవం ఇంటిల్లిపాదిలో ఇంకెవరికీ లేదని చెంబు అంటే, అబ్బే అని ముడుచుకుని లోపల ఆ మాటను మూడుసార్లు తిప్పుకుంది.

ఎట్టకేలకు వంతు వచ్చింది. కింది రాయి ఏమీ అనలేదు. పై రాయి ఒక చుట్టు తిరిగి, "కింది రాయి ఏమంది?" అని అడిగింది.

"ఏమీ అనలేదండి" అంది పిడి.

"అయితే నా మాటా అదే."

ఆ సాయంత్రం కుండ ఈ తీర్పులోని లోపాలను కత్తిపీటకు వివరిస్తూ కూర్చుంది. కత్తిపీట సొరకాయ కోస్తూ వింటోంది. మధ్యలో ఆగి అడిగింది.

"ఏమే, పై రాయి పేరు ఇప్పటికి పదిసార్లు ఎత్తావు. మూకుడి పేరు ఎత్తి ఎన్నాళ్లయిందే?"

 మూకుడు చప్పుడు చేస్తే ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుందామని కుండ చూసింది. ఎంత ప్రయత్నించినా గుర్తొచ్చింది తన ఖంగే.

"నువ్వు మాత్రం కదిలావా వదినా" అంది.

కత్తిపీట మిగిలిన సొరకాయ కోయడం మొదలుపెట్టింది.

చివరి గుమ్మం జాడీగారిది. వారు అటక మీద ఉంటారు. మూతికి గుడ్డ కట్టి ఉంటుంది, ఏడాదికోసారి విప్పుతారు. మట్టికుండ అటక ఎక్కడమంటే మాటలు కాదు. ఎలాగో ఎక్కింది. గుడ్డలోంచి జాడీగారు, విషయం పచ్చిగా ఉంది, ఊరాలి అన్నారు. కుండ అటక మీదే ఉండిపోయింది. ఊరింది. గుడ్డ విప్పేనాటికి జాడీగారు వాసన చూసి, "ఇప్పుడు బాగా ఊరింది. ఊరినదాన్ని కదిపితే బూజు పడుతుంది. ఎక్కడిదక్కడ ఉండనీ" అన్నారు.

ఆచారం ప్రకారం మొట్టారు. ఈసారి ఖంగుమనలేదు. బొంగురుగా మోగింది.

జాడీగారికి కోపం వచ్చింది. "ఇది పగుళ్లది. అసలు దీని ఫిర్యాదు మొదట్లో విన్నదెవరు?"

కుండ అటక దిగింది. ఒళ్లంతా వెంట్రుకల్లా సన్నటి బీటలు. ఏ బీట ఏ గుమ్మంలో వచ్చిందో దానికే తెలియదు. దారిలో తనలో తాను ఏదో అనుకుంది, ఆ మాట తిరిగి రాలేదు. పగిలిన కుండలో మాట నిలవదు. పుట్టాక మొదటిసారి దాని లోపల నిశ్శబ్దంగా ఉంది.

మళ్లీ కుళాయి దగ్గరికి వెళ్లింది. దొర్లితే విడిపోతానని మెల్లగా, ఒక్కో అడుగూ జరుపుకుంటూ వెళ్లింది. ఈసారి ఉపన్యాసం లేదు. "మా చెల్లి మూకుడు కావాలి. పట్టకారు తీసుకుపోయింది. అందరినీ అడిగాను" అంది. అంతే.

ఇంటి తరఫున వెండిగిన్నె వచ్చింది. వెండిగిన్నె ఎప్పుడూ బీరువాలో ఉంటుంది, చుట్టాలొచ్చినప్పుడే బయటికి వస్తుంది. అందుకే వంటింట్లో మసి ఉంటుందని దానికి నిజంగానే తెలియదు. మా ఇంట్లో మట్టి అంటే ఎంత గౌరవమో అని మొదలుపెట్టి, పండగనాడు కుండలకు పసుపు రాసి బొట్టు పెట్టే సంగతి చక్కగా చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"అయినా ఇంకో గుమ్మం మిగిలే ఉందండి. దేవుడిగది గంట. గంటను మోగించి దయ అడగలేదు ఈవిడ."

"గంట ఎవరు మోగిస్తారు?" అంది రాగిబిందె.

"ఇంటి పెద్దలు."

"కుండ మోగించొచ్చా?"

"మైల కదండీ" అంది వెండిగిన్నె, ఇది కూడా తెలియదా అన్నట్టు.

వరసలో చిన్న బిందెలు కిసుక్కుమన్నాయి. రాగిబిందె నవ్వలేదు. కుండ వైపు తిరిగింది.

"ఇన్ని గుమ్మాలు ఎందుకు ఎక్కావు తల్లీ? ఆ రోజే చెప్పాను కదా. గోడ మీద రంగుతో గీసిన గుమ్మం ఉంటుంది, అది ఎక్కక్కర్లేదని. లోపలికి దారి లేదని తెలిశాక తిన్నగా ఇక్కడికే రావచ్చని."

ఈసారి కుండకు ప్రతి మాటా వినిపించింది. అడ్డం రావడానికి లోపల ఏ ఉపన్యాసమూ లేదు. ఆ రోజు తల ఊపిన సంగతి గుర్తొచ్చింది. మట్టికి మాత్రం మాట లేదా అన్న వాక్యమూ గుర్తొచ్చింది. మాట ఉంది గానీ చెవే లేదు అనుకుంది. నవ్వొచ్చింది. పెంకు మీద పెంకు రాసుకున్నట్టు గరగరమంటూ వచ్చిన ఆ నవ్వును వరసలోని బిందెలన్నీ విన్నాయి. అలాంటి నవ్వు అవి ముందెప్పుడూ వినలేదు.

సభ నిర్ణయం చెప్పింది. వచ్చే సభనాటికి ఆ ఇల్లు మూకుణ్ణి తెచ్చి చూపించాలి.

"తప్పకుండా" అంది వెండిగిన్నె.

ఇంటికి రాగానే కుండ తిన్నగా కత్తిపీట దగ్గరికి వెళ్లింది. "వదినా, గీసిన గుమ్మాలు ఎక్కక్కర్లేదట. ఆవిడ మొదటి రోజే చెప్పిందట. నేనే వినలేదు" అంది. ఇంకేదో చెప్పబోయేలోగా పట్టకారు వచ్చింది. మర్యాదగా వచ్చింది. కుండమ్మా, తిరిగి తిరిగి అలిసిపోయావు, పొయ్యి మీదికి నేను ఎక్కిస్తానులే అంటూ మెడ పట్టుకుంది.

పట్టకారు పెద్దగా నొక్కనైనా లేదు. నొక్కాల్సిన పనంతా అప్పటికే మొట్టికాయలు చేసేశాయి. మెడ ఊడింది. పొట్ట నాలుగు చెక్కలైంది. కింద అడుగు మాత్రం గుండ్రంగా మిగిలింది.

గరిటెగారు వచ్చి చూశారు. మట్టి కదా, పగులుతుంది అన్నారు. అందరూ ఆ మిగిలిన పెంకు చుట్టూ నిలబడ్డారు. వెడల్పుగా, లోతు లేకుండా, ఒకవైపు మసితో ఉంది. అదే మట్టి. అదే రంగు. వెండిగిన్నెకే ముందు తోచింది.

"ఇది మూకుడే కదా" అంది.

సభ రోజున దాన్ని పట్టుగుడ్డలో చుట్టి కుళాయి దగ్గరికి తెచ్చారు. వెండిగిన్నె గుడ్డ విప్పింది. "ఇదుగోనండి మూకుడు. ఎక్కడికీ పోలేదు. ఇన్నాళ్లూ మా పొయ్యి వెనకాలే పడుకుని ఉంది."

"మరి కుండేది?" అంది రాగిబిందె.

"అలిగి పుట్టింటికి పోయినట్టుందండి. మట్టివాళ్లకు కోపాలెక్కువ."

రాగిబిందె పెంకు మీదికి వంగింది. "అమ్మా, నువ్వు మూకుడివేనా?"

పెంకుకు నోరు లేదు. నోరంతా మెడతో పాటు పోయింది.

రాగిబిందె చాలాసేపు చూసింది. "మూకుడైతే ఎసరు మీద చప్పుడు చేస్తుంది. తీసుకెళ్లి పొయ్యి మీద పెట్టండి. గోడ ఇవతల నుంచి మేం వింటాం" అంది.

వెండిగిన్నెకు అంతకంటే కావలసింది లేదు. పెంకు చప్పుడు చేస్తే మూకుడు దొరికినట్టే. చేయకపోతే అది వట్టి పెంకు, పెంకుకు ఫిర్యాదేమిటి. ఎలా జరిగినా సంగతి ముగుస్తుంది. ఇది పెంకుకూ తెలుసు. గుమ్మాలు ఎక్కిన అనుభవం ఊరికే పోతుందా.

పొయ్యి మీద కొత్త కుండ పెట్టి, దాని మూతి మీద పెంకును బోర్లించారు. కింద మంట పెట్టారు. చప్పుడు చేయకూడదని పెంకు నిశ్చయించుకుంది. బిగుసుకుని కూర్చుంది.

కుండగా ఉన్నన్నాళ్లూ దానికి తన లోపలే కనిపించేది. ఇప్పుడు మూకుడి చోటు నుంచి పొయ్యి చుట్టూ కనిపించింది. మంట పక్కన కొత్త పిడతలు వరసగా ఉన్నాయి. కొసన ఉన్నదానికి అప్పుడే సన్నటి బీట పాకుతోంది. చెల్లెలు రోజూ చూసింది ఇదన్నమాట. పొయ్యి వెనక బూడిద కుప్ప ఉంది. ఆ బూడిదలోంచి ఒక ఎర్రటి ముక్క కొద్దిగా పైకి కనిపిస్తోంది. దాని అంచు మీద పట్టకారు నొక్కు ఉంది.

వెండిగిన్నె అబద్ధం చెప్పబోయి నిజమే చెప్పింది. పొయ్యి వెనకాలే ఉంది.

అటక దాకా ఎక్కాను, పొయ్యి వెనక్కి తొంగి చూడలేదు అనుకుంది పెంకు. మూకుడి కోసం అడగని గుమ్మం లేదు, చివరికి తానే ఒక మూతై కూర్చుంది. ఇంత తెలివైన కుండ ఈ వీధిలో ఇంకొకటి పుట్టి ఉండదు. ఎంత ఆపుకున్నా నవ్వొచ్చింది. నవ్వితే పెంకు కదిలింది. కింద ఎసరు పొంగి పైకి తన్నింది. పెంకు గరగరమంటూ, ఆగకుండా, పొయ్యి చుట్టూ ఉన్న పిడతలన్నీ ఉలిక్కిపడి వెనక్కి జరిగేంత గట్టిగా మోగింది.

పట్టకారు తల తిప్పి చూసింది.

గోడ అవతల కుళాయి దగ్గర మాటలు ఆగిపోయాయి. "దొరికింది. మూకుడు చప్పుడే" అంది వెండిగిన్నె.

"మూకుడు ఇలా మోగదు" అంది రాగిబిందె. "ఇది నవ్వు. కుండ నవ్వు. మొన్న ఇక్కడే విన్నాం." వరసంతా అవునంది. "అయితే మీ ఇంట్లో పోయింది ఒకరు కాదు. ఇద్దరు."

వెండిగిన్నె కొంచెం కూడా తొణకలేదు. "కుండ గురించి కూడా తప్పకుండా వినండి. మా ఇంటికి దాపరికం లేదు. కాకపోతే కుండ విషయం ఇంట్లో ఇంకా ఎవరూ ఎవరినీ అడగలేదు. గరిటెగారు ఉన్నారు, జల్లెడ ఉంది, తిరగలి ఉంది. ముందు అక్కడ అడిగి రమ్మనండి."

రాగిబిందె నోరు తెరిచి, ఇంటివాళ్లెవరో వచ్చి అడిగితే తప్ప సభ కదలకూడదన్న ఒప్పందం గుర్తొచ్చి, మళ్లీ మూసుకుంది.

అడిగేవాళ్లెవరు? పొయ్యి మీది పెంకు వంటిల్లంతా కలయజూసింది. కంచాలు గోడ వైపు తిరిగి ఉన్నాయి. పిడతలు ఇంకా వణుకుతున్నాయి. మూలన కత్తిపీట ఎప్పటిలాగే తల వంచుకుని కూర్చుంది. అంత పదునైన మాటకు ఒక్క ముక్కా దొరకలేదు.

మర్నాడు వంట మొదలయ్యే వేళకు సొరకాయ తరగడానికి కత్తి కనిపించలేదు. మూలన పీట ఒక్కటే ఉంది. బిగించిన మేకులు పక్కన పడి ఉన్నాయి. పట్టకారు తానేమీ ఎరగనంది. ఈసారి అది నిజమే చెబుతున్నట్టుంది.

కింద ఎసరు కాగుతోంది. పెంకు పొయ్యి మీది నుంచి గచ్చు వైపు చూసింది. ఇనుము ఈడ్చుకుంటూ పోయిన గీత ఒకటి, కొత్తది, తెల్లగా మెరుస్తోంది. మూల నుంచి మొదలై, గరిటె వైపు గానీ, జల్లెడ వైపు గానీ, తిరగలి వైపు గానీ ఎక్కడా వంగకుండా, నేరుగా వీధిలోకి పోయింది.